పని పోతే పోయింది, హిసాబు పోనివ్వరాదు

జగిత్యాల: గల్ఫ్ నుంచి ఊరికి వచ్చేవారి రాకలో రెండు తీర్లున్నాయి. సెలవు మీద వచ్చేవాడి వెంట తాళ్లు బిగించిన అట్టపెట్టెలుంటాయి. బంధువులు కారు మాట్లాడుకుని హైదరాబాద్ విమానాశ్రయానికి ఎదురువెళతారు. కంపెనీలో పని లేదని 'ఎగ్జిట్' కొట్టి పంపినవాడు మాత్రం చేతిసంచితో, చెప్పాపెట్టకుండా, తెల్లవారుజామున బస్సు దిగి ఇల్లు చేరుకుంటాడు. కోరుట్ల, మెట్‌పల్లి, రాయికల్, మల్లాపూర్ ప్రాంతాల పల్లెలకు ఈ రెండో తీరు రాక కొత్త కాదు. చమురు ధర పడిపోయినా, కట్టుబడి పనులు ఆగినా, కరోనా వంటి విపత్తు వచ్చినా అక్కడ ముందుగా పని పోయేది కూలివాడికే.

పని పోవటం ఒక దెబ్బ. దానికి తోడు మరో దెబ్బను చాలామంది కార్మికులు చేజేతులా కొనితెచ్చుకుంటున్నారు. ఎనిమిదేళ్లు, పదేళ్లు ఎండలో చేసిన సర్వీసుకు రావలసిన డబ్బును లెక్క అడగకుండానే వదిలేసి వస్తున్నారు. మనుషులను తగ్గించుకోవటం కంపెనీ ఇష్టం కావచ్చు. తగ్గించిన మనిషికి హిసాబు ఎగవేయటం మాత్రం దాని ఇష్టం కాదు. గల్ఫ్ దేశాల చట్టాలే ఈ మాట చెబుతున్నాయి. ఆ చట్టాల సంగతి ఊళ్లకు తెలియకపోవటం, తెలిసినవారు వాటిని వాడుకునేందుకు జిల్లాలో సరైన ఏర్పాటు లేకపోవటం విచారకరం.

బక్షీసు కాదు, బాకీ

ముందుగా తెలుసుకోవలసింది, ఇక్కడి కార్మిక చట్టం సముద్రం దాటి పనిచేయదు. ఏ దేశంలో పనిచేస్తే ఆ దేశపు చట్టమే వర్తిస్తుంది. అయినంత మాత్రాన పరదేశి కార్మికుడికి అక్కడ హక్కులు లేవనుకోవటం పొరపాటు. సర్వీసు చివర ఇచ్చే డబ్బు షేకు దయతలచి ఇచ్చే బక్షీసు కాదు. అది చట్టం కట్టిన లెక్క.

దుబాయి, అబూదాబి, షార్జా ఉన్న యుఎఇలో 2022 ఫిబ్రవరి నుంచి కొత్త కార్మిక చట్టం అమలులో ఉంది. దాని ప్రకారం ఏడాది సర్వీసు నిండినవాడికి మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆ తరువాత ప్రతి ఏడాదికీ 30 రోజుల మూల వేతనం ఇవ్వాలి. 1,000 దిర్హముల మూల వేతనంతో 8 ఏళ్లు పనిచేసిన మేస్త్రీ ఒకడున్నాడనుకుంటే, మొదటి ఐదేళ్లకు 105 రోజులు, తరువాతి మూడేళ్లకు 90 రోజులు, వెరసి 195 రోజుల జీతం అతనికి రావాలి. అంటే 6,500 దిర్హములు. రూపాయలలో లక్షన్నర దరిదాపు. మిత్తికి తెచ్చిన అప్పు మీద ఇంత సొమ్ము పడితే ఆ ఇల్లు ఎంత తెరిపిన పడుతుందో వేరే చెప్పనక్కరలేదు.

సౌదీలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆపైన ఏడాదికి నెల జీతం. 1,500 రియాళ్ల జీతగాడికి 8 ఏళ్లకు 8,250 రియాళ్లు అవుతుంది. ఖతార్‌లో ఏడాదికి మూడు వారాల మూల వేతనానికి తగ్గరాదు. కువైటులో నెల జీతగాళ్లకు మొదటి ఐదేళ్లకు ఏడాదికి 15 రోజులు, తరువాత ఏడాదికి నెల జీతం. మస్కటు ఉన్న ఒమాన్‌లో 2023 నాటి చట్టం ఏడాదికి నెల మూల వేతనం అని నిర్ణయించింది.

ఇందులో ఒక మెలిక ఉంది. యుఎఇ, ఖతార్, ఒమాన్‌లలో లెక్క మూల వేతనం మీద కడతారు. ఒప్పందంలో మూల వేతనం తక్కువ చూపి, మిగతాది తిండికి, గదికి అని రాస్తే చివరి హిసాబు ఆ మేరకు చిక్కిపోతుంది. కనుక ఒప్పందం మీద సంతకం పెట్టే రోజునే మొత్తం జీతంతో పాటు మూల వేతనం ఎంత రాశారో చూసుకోవాలి.

రాత్రికి రాత్రి పంపటానికి వీల్లేదు

"రేపు ఫ్లయిట్ ఉన్నది, సామాను సదురుకో" అని క్యాంపు బాసు చెబితే మారుమాట లేకుండా బయలుదేరేవారే ఎక్కువ. చట్టం అలా లేదు. యుఎఇలో తగిన కారణంతో తీసివేయాలన్నా 30 రోజులకు తగ్గకుండా, 90 రోజులకు మించకుండా ముందు నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇవ్వకపోతే ఆ రోజుల జీతం కట్టివ్వాలి. నోటీసు కాలంలో వేరే పని వెతుక్కునేందుకు వారానికి ఒక రోజు జీతం లేని సెలవు అడిగే హక్కు ఉంది. ఉద్యోగం ముగిసిన 14 రోజులలో బకాయిలన్నీ చెల్లించాలి. ఖతార్‌లో రెండేళ్ల లోపు సర్వీసుకు ఒక నెల, ఆపైన రెండు నెలల నోటీసు ఉంది.

సౌదీలో విదేశీ కార్మికుల ఒప్పందాలు గడువు కట్టినవి. సరైన కారణం లేకుండా నడుమ తెంచితే, ఒప్పందంలో వేరే పరిహారం రాసుకోని పక్షంలో మిగిలిన కాలపు జీతం, అది రెండు నెలలకు తగ్గకుండా ఇవ్వాలి. కంపెనీ పూర్తిగా మూతపడితే ఈ పరిహారం రాకపోవచ్చు. అయితే సర్వీసు డబ్బు మాత్రం పోదు. యజమాని తీసివేస్తే హిసాబు వారం రోజులలో తేల్చాలని అక్కడి చట్టం.

పనివాడి తప్పు లేకుండా పంపేటప్పుడు తిరుగు టికెట్ ఖర్చు యజమానిదే. పాస్‌పోర్టు భారత ప్రభుత్వ సొత్తు. దాన్ని కంపెనీ దాచుకోరాదు.

యుఎఇలో 2023 జనవరి నుంచి మరో సౌకర్యం వచ్చింది. ఉద్యోగ నష్ట బీమా అంటారు. 16,000 దిర్హముల లోపు మూల వేతనం ఉన్నవారు నెలకు 5 దిర్హములు కట్టాలి. వరుసగా 12 నెలలు కట్టినవాడిని, అతని తప్పు లేకుండా తీసివేస్తే, మూల వేతనంలో 60 శాతం చొప్పున మూడు నెలల వరకు ఇస్తారు. పని పోయిన 30 రోజులలో దరఖాస్తు పెట్టాలి. జరిమానా భయానికి 5 దిర్హములు కడుతున్నా, అది ఎందుకో తెలియని కార్మికులు ఎందరో. సౌదీలో 2024 అక్టోబరు నుంచి, కంపెనీ ఆరు నెలలుగా జీతాలు ఇవ్వలేక చేతులెత్తేస్తే విదేశీ కార్మికుడికి 17,500 రియాళ్ల వరకు చెల్లించే బీమా ఏర్పాటు ఉంది.

చిక్కంతా సంతకం దగ్గరే

ఇన్ని హక్కులుండగా చేతికి ఎందుకు రావటం లేదన్న ప్రశ్న సహజం. వీసా రద్దు కాగితాలతో పాటు "నాకు రావలసినదంతా ముట్టింది" అని రాసి ఉన్న కాగితం ముందు పెడతారు. అది అరబ్బీలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. చేతిలో పైసా పడకముందే దాని మీద సంతకం చేయించుకుంటారు. సంతకం పెడితేనే టికెట్ అంటారు. ఇంటికి చేరాలన్న ఆత్రంలో కార్మికుడు సంతకం పెడతాడు. ఆ ఒక్క సంతకం 8 ఏళ్ల చెమటను కడిగివేస్తుంది.

ఒప్పందం నడుస్తుండగా పనివాడి హక్కులు వదులుకున్నట్లు రాయించుకున్న కాగితం, అది అతనికి ఎక్కువ మేలు చేసేదైతే తప్ప, చెల్లదని సౌదీ చట్టంలో ఉంది. కాని చెల్లదని నిరూపించాలంటే మనిషి అక్కడ ఉండాలి, లేదా అతని తరఫున నిలబడేవాడు ఉండాలి. అందుచేత డబ్బు చేతికో, బ్యాంకు ఖాతాకో వచ్చిన తరువాతే ముట్టినట్లు సంతకం చేయటం ఉత్తమం. చదవటం రాకపోతే చదివి చెప్పేవాడి కోసం ఒక పూట ఆగమనాలి. ఆ కాగితాన్ని ఫోనుతో ఫోటో తీసి ఇంటికి పంపాలి.

"ప్రాణంతో వస్తే సాలు" అన్న మాట

ఊళ్లో పెద్దలు చెప్పేది వేరుగా ఉంటుంది. "పైసలు పోతె పాయె, పిలగాడు సక్కగ ఇంటికొస్తె సాలు. అరబ్బోనితోని లొల్లి పెట్టుకుంటె మల్ల వీసా దొరకది" అంటారు. ఈ మాటను కొట్టిపారేయటానికి లేదు. కేసు తేలేదాకా అక్కడ తిండి ఎట్లా, గది ఎట్లా, అకామా గడువు దాటితే జరిమానా ఎవరు కడతారు అన్న భయం ఉత్తుత్తి భయం కాదు. జబ్బుపడినవాడు, ఇంట్లో చావు జరిగినవాడు, మూడు నెలలుగా జీతం లేక పస్తులున్నవాడు ముందు ఇల్లు చేరటమే న్యాయం.

అయితే ఇల్లు చేరటం వేరు, హక్కు వదులుకోవటం వేరు. బయలుదేరే ముందు అక్కడి కార్మిక శాఖలో ఫిర్యాదు నమోదు చేసి నంబరు తీసుకోవచ్చు. నమ్మకస్తుడి పేర గాని, వకీలు పేర గాని ముఖ్తార్‌నామా రాసి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరణ చేయించవచ్చు. యుఎఇలో 50,000 దిర్హముల లోపు తగాదాలను కార్మిక శాఖే తేల్చి ఉత్తర్వు ఇవ్వగలదు. లక్ష దిర్హముల లోపు దావాకు కార్మికుడి దగ్గర కోర్టు రుసుము తీసుకోరు. ఫిర్యాదు చేశాడన్న కక్షతో తీసివేసినట్లు రుజువైతే మూడు నెలల జీతం వరకు పరిహారం కూడా ఉంది. చట్టం ఇంతదూరం వచ్చినప్పుడు కార్మికుడు రెండడుగులు వేయకపోవటం నష్టమే.

గడువు సంగతి మరీ ముఖ్యం. "మల్ల ఎప్పుడన్న అడుగుదాం" అంటే కుదరదు. సౌదీ, ఖతార్, కువైటులలో ఉద్యోగం ముగిసిన ఏడాదిలోగా దావా వేయాలి. యుఎఇలో ఈ గడువు 2024 ఆగస్టు చివరి నుంచి రెండేళ్లయింది. వచ్చినవాడు పొలం పనులలో పడి, అప్పులవాళ్లకు సమాధానం చెప్పుకుంటూ ఉండగానే ఏడాది గడిచిపోతుంది.

మరో నిజం కూడా చెప్పుకోవాలి. ఈ హక్కులన్నీ అందరికీ ఒకే తీరుగా దక్కవు. 'ఆజాద్ వీసా' మీద వెళ్లి ఖఫీల్ దగ్గర కాక వేరొకచోట పనిచేసేవాడికి, 'కల్లివెల్లి' అయినవాడికి, విజిట్ వీసా మీద పనికి కుదిరినవాడికి చెప్పుకోవటానికి సరైన ఒప్పందమే ఉండదు. ఇంటి పనివారు, ఇంటి డ్రైవర్లు సాధారణ కార్మిక చట్టం కిందికి రారు. వారికి వేరే నిబంధనలున్నాయి. కువైటులో 2015 నాటి చట్టం ఇంటి పనివారికి ఏడాదికి నెల జీతం చొప్పున సర్వీసు డబ్బు ఇవ్వాలంటున్నది. ఏజెంటు మాట నమ్మి తోవ తప్పి వెళ్లినవాడు చివరి రోజున ఖాళీ చేతులతో నిలబడవలసి వస్తుంది.

గతం చెప్పే పాఠం

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైటులో చొరబడినప్పుడు లక్షన్నరకు పైగా భారతీయులు కట్టుబట్టలతో తిరిగివచ్చారు. పోయింది పోయిందనే అందరూ అనుకున్నారు. ఐక్యరాజ్య సమితి 1991లో పరిహార సంఘాన్ని ఏర్పాటు చేసి, ఇరాక్ చమురు ఆదాయం నుంచి నష్టపోయినవారికి సొమ్ము ఇప్పించింది. ఫారాలు నింపి దావా వేసినవారిని పరిహారం వెతుక్కుంటూ వచ్చింది. ఇరాక్ ఆ బాకీ చివరి వాయిదా కట్టింది 2022లో. దేశంతో దేశానికి యుద్ధం వచ్చినా కాగితం ఉన్న దావా చావలేదన్నది ఇందులో గ్రహించవలసిన విషయం.

2016లో సౌదీలో పెద్ద నిర్మాణ కంపెనీలు జీతాలు ఆపివేసినప్పుడు వేలాది భారత కార్మికులు క్యాంపులలో తిండికి అలమటించారు. తిరిగివచ్చేవారు తమ బకాయిలను అక్కడి కార్మిక శాఖలో నమోదు చేయించుకుని రావచ్చునని కేంద్ర ప్రభుత్వం అప్పట్లో ప్రకటించింది. ఆ కంపెనీలలో ఒకటైన సౌదీ ఓజర్ 2017లో మూతపడింది. 2020 మే నెలలో వందే భారత్ విమానాలు మొదలైనప్పుడు మనుషులను తేవటం మీదనే అందరి దృష్టి ఉంది. అది అవసరమే, ప్రాణాలు కాపాడిన పనే. కాని దిగిన ప్రతివాడినీ "నీకు కంపెనీ ఎంత బాకీ" అని అడిగి రాసుకునే బల్ల ఒకటి విమానాశ్రయంలో వేసి ఉంటే, ఎన్నో కుటుంబాల సొమ్ము లెక్కలోకి వచ్చేది. జీతం ఎగవేత మీద న్యాయ విచారణ యంత్రాంగం కావాలని ఆసియా దేశాల వలస కార్మిక సంఘాలు ఆ ఏడాదే ఎలుగెత్తాయి.

ఇంటి పెట్టెలో ఉండవలసినవి

గల్ఫ్‌కు వెళ్లే ప్రతివాడి ఇంట్లో కొన్ని నకళ్లు ఉండాలి. పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగ ఒప్పందం, అకామా లేదా పతాకా, ఏజెంటు రసీదు, బ్యాంకులో జీతం పడిన లెక్క, బీమా పత్రం. వీటిని భార్యో, తండ్రో భద్రపరచాలి. పదో తరగతి పాసు కానివారు ఇమిగ్రేషన్ అనుమతితో వెళ్లేటప్పుడు తీసుకునే ప్రవాసీ భారతీయ బీమా సంగతి చాలా ఇళ్లలో ఎవరికీ పట్టదు. ప్రమాద మరణానికి 10 లక్షల రూపాయలే కాక, ఉద్యోగ తగాదాల కోర్టు ఖర్చుకు 45,000 రూపాయల వరకు అందులో రక్షణ ఉంది. ఆ పత్రం పెట్టెలో చెదలు పట్టే కాగితం కారాదు.

1983 నాటి వలసల చట్టం కింద లైసెన్సు ఉన్న ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద పన్ను తప్ప ఎక్కువ తీసుకోరాదు. లైసెన్సు ఉన్నవాడి ద్వారా వెళ్లినవాడికే హైదరాబాద్‌లోని వలసదారుల సంరక్షణాధికారి దగ్గర ఏజెంటును నిలదీసే బలం ఉంటుంది. రాయబార కార్యాలయాలలో 2009లో పెట్టిన సంక్షేమ నిధి నుంచి ఆపదలో ఉన్నవారికి బస, టికెట్, న్యాయ సహాయం అందుతాయి. 2015లో మొదలైన 'మదద్' ద్వారా ఇంటి నుంచే ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

ప్రభుత్వం చేయవలసినది

గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇచ్చేందుకు రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఉత్తర్వులు ఇచ్చింది. అదే ఏడాది హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి మొదలైంది. రెండూ హర్షించదగినవే. అయితే చచ్చినవాడి ఇంటికి సాయం చేరవేసే ప్రభుత్వం, బతికి వచ్చినవాడికి కంపెనీ బాకీపడ్డ సొమ్ము రాబట్టే తోవ కూడా చూపాలి గదా. రాయికల్ పల్లె నుంచి ఒక కాగితం మీద ముద్ర కోసం హైదరాబాద్ తిరిగే స్తోమత పని పోయి వచ్చినవాడికి ఉండదు. ఇక్కడ రాసిన ముఖ్తార్‌నామా నోటరీ దగ్గర మొదలై విదేశాంగ శాఖ ముద్ర దాకా, కొన్ని దేశాలకైతే ఆ దేశ రాయబార కార్యాలయం ముద్ర దాకా పోవాలి. ఒక్కడే తిరిగి చేయించుకోగల పని కాదిది.

కనుక కలెక్టరేటులో గల్ఫ్ బాకీల కోసమే ఒక గుమాస్తాను, ఒక బల్లను కేటాయించాలి. సోమవారం ప్రజావాణికి వచ్చే గల్ఫ్ అర్జీలన్నీ ఆ బల్లకే చేరాలి. తిరిగివచ్చిన వాడి సర్వీసు, జీతం, బకాయి రాసుకుని, గడువు తేదీ లెక్కగట్టి, ముఖ్తార్‌నామాను అక్కడి నుంచే పై ముద్రలకు పంపాలి. 1987 నాటి చట్టం కింద ఏర్పడిన జిల్లా న్యాయ సేవాధికార సంస్థ పేదలకు, మహిళలకు, దళిత గిరిజనులకు ఉచిత న్యాయ సహాయం ఇస్తున్నది. ఆ సంస్థ వకీళ్లలో ఇద్దరికి గల్ఫ్ చట్టాల మీద శిక్షణ ఇప్పిస్తే చాలు. ఇందుకు కోట్లు ఖర్చు కావు.

గ్రామ పంచాయతీలు కూడా తమ వంతు చేయవచ్చు. ఊరి నుంచి ఎవరు ఏ దేశం వెళ్లారు, ఏ కంపెనీలో ఉన్నారు అన్న పుస్తకం ఒకటి పంచాయతీలో ఉంటే, ఒకే కంపెనీ నుంచి ఐదుగురు వెనక్కి వచ్చినప్పుడు ఐదుగురూ కలిసి అడగగలుగుతారు. ఒంటరి కార్మికుడి ఉత్తరానికి కదలని కార్యాలయం ఐదు సంతకాలకు కదలక తప్పదు.

పంటకు గిట్టుబాటు ధర అడిగే రైతును, కూలి రేటు పెంచమనే బీడీ కార్మికురాలిని ఈ జిల్లా తప్పుపట్టలేదు. ఎడారిలో చేసిన కష్టానికి లెక్క అడిగేవాడినీ అదే విధంగా వెనకేసుకు రావాలి. ఈ సంవత్సరం పని పోయి వచ్చినవారికి దావా గడువు ఇప్పటికే నడుస్తున్నది. జిల్లా యంత్రాంగం ఇకనైనా కదిలి, వారి లెక్కలు రాసుకోవటం మొదలుపెట్టాలని గల్ఫ్ కార్మిక కుటుంబాలు కోరుతున్నాయి.